కల్వర్టు దాకా అరగంట

సంగీత ప్లాన్ చాలా చిన్నది. అత్త లీలావతి పాలకేంద్రం నుంచి తిరిగొచ్చేలోపు కల్వర్టు దాకా నడిచొచ్చి, ఏమీ ఎరగనట్టు మంచమెక్కాలి. అరగంట పని.

సంగీతకు ఏడో నెల. షుగర్ పెరిగింది. "చదునైన చోట, మాట్లాడుతూ నడవగలిగేంత నిదానంగా, రోజూ అరగంట నడువు. కళ్లు తిరిగితే ఆగిపో. తోడుంటే మంచిది. రెండు వారాల్లో తగ్గకపోతే ఇంజెక్షన్లే" అంది మహబూబాబాద్ డాక్టరమ్మ. కానీ పోయినసారి కడుపు మూడో నెలలోనే పోయింది. అప్పటి భయంతో లీలావతి కోడలిని మంచం దిగనివ్వదు. అందుకే పది రోజులుగా ఈ దొంగ నడక. రోజూ నడిచే బడి మైదానం రాత్రి వానకు బురదయింది. ఇవాళ సంగీత కొత్తగూడ రోడ్డెక్కింది, భుజాన సంచితో.

ఆటో చాంద్యా పక్కనే ఆపాడు.

"యాడికి వదినా, సంచేసుకొని?"

"ఊకెనే. నడుస్తున్న."

"ఎక్కు, కొత్తగూడల దింపుత."

"వద్దు తమ్మీ, నడవాలె."

చాంద్యాకు అంతా అర్థమైపోయింది. పుట్టింటి రోడ్డు, సంచి, నిండు కడుపు, ఆటో కూడా వద్దనేంత కోపం. జనగామలో ఉద్యోగం చేసే ఆమె మొగుడికి ఫోన్ కలిపాడు. "శ్రీపాలన్నా, వదిన అలిగి తల్లిగారింటికి పోతున్నది."

శ్రీపాల్ తల్లికి చేశాడు. "అమ్మా, సంగీతను ఏమన్నవే?"

"నేనేమన్న? మంచం మీదికే బువ్వ ఇస్తున్న గదరా."

"మరి కొత్తగూడ తొవ్వ ఎందుకు పట్టింది?"

పాల క్యాను అక్కడే వదిలి లీలావతి పరుగందుకుంది. శ్రీపాల్ నూట ఎనిమిదికి ఫోన్ చేశాడు, ఆ తర్వాత ఎదురెళ్లి ఆపమని బావమరిది కల్యాణ్‌కు. చెల్లెల్ని వెళ్లగొట్టారనుకున్న కల్యాణ్ ట్రాక్టర్ తీశాడు, ఐదుగురితో.

సంగీత వెనక్కి చూసింది. కొంగు నడుముకు చుట్టి అత్త ఉరికొస్తోంది. ఆమె వెనకే మెల్లగా చాంద్యా ఆటో. ముందు నుంచి ట్రాక్టర్. పరుగెత్తాలనిపించింది, కానీ నిదానంగా నడవమంది డాక్టరమ్మ.

"మా చెల్లెనేమన్నవ్ అత్తమ్మా?" ట్రాక్టర్ మీది నుంచే అడిగాడు కల్యాణ్.

లీలావతి నోరు తెరిచింది. ఆయాసం తన్నుకొచ్చింది. గుండె మీద చెయ్యేసుకుని కల్వర్టు మీద కూలబడింది. ముఖమంతా చెమట. సంగీత సంచిలోని నీళ్ల సీసా తీసి అత్త నోటికందించింది. "జర నిమ్మలంగ గాలి పీల్చు అత్తమ్మా. నేను యాడికి పోతలేను."

అంతలో అంబులెన్స్ వచ్చింది.

"గర్భిణి ఎవరు?"

"నేనే."

"ఎక్కండి."

"నేను కాదు, మా అత్తమ్మ."

అంబులెన్సు మనిషి లీలావతిని చూసి, చేతిలోని కాగితాన్ని ఇంకోసారి చదువుకున్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేసింది. "గుండె బాగానే ఉందమ్మా. షుగరే మూడు వందల పన్నెండు. మీ కోడలిది మామూలుకొచ్చింది. ఎట్లా తగ్గించుకుందో ఆమెనే అడగండి."

లీలావతి కోడలివైపు తిరిగింది. "ఎన్ని రోజుల సంది?"

"పది రోజులు."

"నాకొక మాట చెప్పద్దా?"

"చెప్తే మంచం దిగనిస్తుంటివా?"

లీలావతికీ షుగర్ మందులు రాసి, రోజూ నడవమంది డాక్టరమ్మ. మందులు మొదలుపెట్టాక, నాలుగో రోజు పొద్దున సంగీత గేటు దగ్గరికొచ్చేసరికి, భుజాన నీళ్ల సంచితో అత్త అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"నడువు. తోడుండాలన్నరు గదా, డాక్టరమ్మ."

కల్వర్టు దగ్గర చాంద్యా ఆటో ఆపి, రెండు సంచుల్నీ చూసి ఫోన్ తీశాడు.

"శ్రీపాలన్నా, పరేషాన్ గాకు. ఈసారి మీ అమ్మ గూడ పోతున్నది."