కామారెడ్డి రెండువందల ఎనభై ఆరు, ఎల్లారెడ్డి నాలుగు

ఆ సోమవారం పొద్దున సిద్ధిరాములు పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, భార్య చెప్పిన ఎర్ర దారం రీళ్లు తేవాలి. చాయ్ తాగుతూ ఫోను తెరవకుండా ఉంటే దారం వచ్చేది, ఈ కథ ఉండేది కాదు.

ఎల్లారెడ్డిలో అరుణజ్యోతి మగ్గం వర్క్ దుకాణానికి పద్దెనిమిదేళ్ల పేరుంది. కుట్టేది భార్య అరుణజ్యోతి. మరి మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే సిద్ధిరాములు "మేనేజ్‌మెంట్" అంటాడు. రెండు నెలల కింద కామారెడ్డి అమ్మాయి వినీతతో దుకాణానికి వెబ్‌సైటు చేయించింది ఆయనే. దాన్ని ఎందరు, ఏ ఊరి నుంచి, ఎంతసేపు చూశారో చెప్పే రిపోర్టును కూడా ఆ అమ్మాయే ఆయన ఫోన్లో పెట్టిచ్చింది. అప్పటినుంచి ఆయన భార్య ముఖం చూసింది తక్కువ, ఆ రిపోర్టు ముఖం చూసింది ఎక్కువ.

"జ్యోతీ, గిటు రా! మన జాకెట్లు చూసినోళ్లు కామారెడ్డిల రెండువందల ఎనభై ఆరు మంది. ఎల్లారెడ్డిల ఎంతమందో ఎరుకేనా? నలుగురు!"

"రోజూ దుకాణం నిండా వచ్చేటోళ్లు ఏ ఊరోళ్లయ్యా మరి?"

"వాళ్లు మొహమాటానికి వస్తున్నరు. మన కదర్, మన విలువ తెలిసినోళ్లు కామారెడ్డిలున్నరు."

దారం సంగతి గాలికి పోయింది. ఆ రోజు గుమ్మం ఎక్కిన ప్రతి మనిషినీ ఆయన ఆపి అడిగాడు. "మా సైటు చూసిన్రా?" చూశామన్నవాళ్లు మధ్యాహ్నానికే ఏడుగురు. రిపోర్టులో నలుగురే. అంటే ముగ్గురు అబద్ధం ఆడుతున్నారు. ఏడో మనిషి సాలవ్వ. నాలుగు వారాల్లో మనుమరాలి పెండ్లి పెట్టుకుని ఇంటిల్లిపాదికీ పదకొండు జాకెట్లు కుట్టడానికి ఇచ్చిన పెద్దమనిషి.

"నిజంగ చూసినవా అవ్వా?" అని ఆయన కళ్లు చిన్నవి చేసి అడిగాడు.

"నెమలి డిజైను నడుమల పెట్టినవు, ఏనుగులు కిందికున్నయి. ఇంకేం చెప్పాల్నో చెప్పు," అని సాలవ్వ విసవిసా వెళ్లిపోయింది.

మూడు వారాల్లో కామారెడ్డి బస్టాండు దగ్గర దుకాణం పెట్టుకోవడానికి ఒక మడిగె కిరాయికి మాట్లాడాడు. అరుణజ్యోతికి మనసొప్పలేదు. ఆ గుమ్మంలో కూర్చునే ఆమె పని నేర్చుకుంది, ఆ గుమ్మంలోనే పేరు తెచ్చుకుంది. "నువ్వు అంకెలు చూస్తవు, నేను మనుషులను చూస్త," అంది. అయినా పద్దెనిమిదేళ్లలో ఆయన మొదటిసారి ఇంత హుషారుగా పని చేస్తుంటే కాదనలేకపోయింది. ఆదివారం మగ్గాలు, మిషన్లు, కుట్టాల్సిన జాకెట్లు అన్నీ వ్యానెక్కాయి. తాళం వేసేటప్పుడు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన తలుపు మీద "దుకాణం కామారెడ్డికి మారినది, బుధవారం ప్రారంభం" అని అంటించి, అదే మాట సైటులోనూ పెట్టించాడు.

సోమవారం కామారెడ్డి లెక్క ఐదువందల పది అయింది. మంగళవారం తొమ్మిదివందలు.

"చూసినవా, కామారెడ్డి ఎట్ల ఊగిపోతున్నదో! ఒక్కరైతే నలభై ఏడు నిమిషాలు కదలకుండ చూసిన్రు. పదకొండుసార్లు మళ్లమళ్ల వచ్చి చూసిన్రు!"

మధ్యమధ్యలో ఎల్లారెడ్డి నుంచి ఫోన్లు వస్తూ రిపోర్టు చూడనివ్వడం లేదని ఆయన ఫోన్‌ను సైలెంటులో పెట్టాడు. సైటులో ఉన్నది ఆయన నంబరు ఒక్కటే.

బుధవారం కొత్త మడిగె ముందు షామియానా వేయించి, అరవై కుర్చీలు సర్దించాడు. లడ్డూలు పెద్ద పళ్లెంలో పేర్చారు. ముఖ్య అతిథిగా వినీత వచ్చింది. తొమ్మిదైంది, పదైంది. కామారెడ్డి తరఫున ఒకే ఒక్క పెద్దాయన వచ్చి, బాన్సువాడ బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగి, లడ్డూ తిని వెళ్లాడు. సిద్ధిరాములు ముఖంలో నెత్తురు చుక్క లేదు. భార్య వైపు చూసే ధైర్యం కూడా లేదు.

పదకొండింటికి ఎల్లారెడ్డి బస్సు వచ్చి ఆగింది. ముందు సాలవ్వ దిగింది. ఆమె వెనుక ఒకరి తర్వాత ఒకరు నలభై మంది ఆడవాళ్లు దిగారు.

"ఏంరా సిద్ధిరాములూ! ఎల్లుండి పెండ్లి. నా పదకొండు జాకెట్లు యాడున్నయిరా? ఫోను ఎత్తవు, తలుపుకు తాళం. మూడు దినాలసంది నీ సైటు తెరిచి కూసున్నం. ఒక్కనాడే పదకొండుసార్లు చూసిన!"

"నువ్వా అవ్వా? నలభై ఏడు నిమిషాలు..."

"నేనే! తిట్టుకుంట చూసిన!"

సిద్ధిరాములు వినీత వైపు తిరిగాడు. "మరి రిపోర్టుల కామారెడ్డి అని ఎందుకొచ్చిందమ్మా?"

"అన్నా, ఎల్లారెడ్డిల ఇంటింటికి వైఫై ఇచ్చినోళ్ల ఆఫీసు గీడ ఉంది. గాడ ఎవరు చూసినా గీ ఆఫీసు మీదికెల్లే పోవాలె. హైదరాబాద్ బస్సు కండక్టరును అడిగితే అందరు కామారెడ్డిల ఎక్కిన్రనే అంటడు. అండ్ల సగం మంది ఎల్లారెడ్డోళ్లని ఆయనకేం ఎరుక? ఊరు పేరు అంచనానే అని నేను ఆనాడే చెప్పిన."

"మరి ఎల్లారెడ్డి నలుగురో?"

"వైఫై లేని ఇల్లు మీదే. మీ సిమ్ నెట్టు ఒక్కటే ఎల్లారెడ్డి అని చూపిస్తున్నది. నువ్వు, అక్క. ఒక్కో ఫోన్ల రెండు బ్రౌజర్లల్ల తెరిస్తే ఇద్దరు నలుగురైతరు. అది బ్రౌజర్లను లెక్కపెడ్తదన్నా, మనుషులను కాదు."

ముందు అరుణజ్యోతికి నవ్వొచ్చింది. తర్వాత సాలవ్వకు. తర్వాత నలభై మందికీ. లడ్డూల పళ్లెం ఖాళీ అయింది. ఎవరి జాకెట్టు వాళ్లు వెతుక్కుంటుంటే మడిగె పెండ్లిల్లు అయింది. ఇంత గుంపు ఎందుకో చూద్దామని కామారెడ్డి ఆడవాళ్లు ఆరుగురు ఆగి, పని చూసి, మాకూ కుట్టమన్నారు.

"కుడ్త," అంది అరుణజ్యోతి. "మా దుకాణం ఎల్లారెడ్డిల. బస్సు గదే."

సాయంత్రానికి వ్యాను మళ్లీ వచ్చింది. సాలవ్వ మగ్గానికి ఒక కొస పట్టుకుంది. ఎల్లారెడ్డిలో తాళం తీయగానే నలభై మందీ లోపల, అరుగు మీద, మెట్ల మీద సర్దుకున్నారు. అరుణజ్యోతి సాలవ్వ జాకెట్టు చేతిలోకి తీసుకుని, ఎర్ర దారం తెచ్చావా అని అడిగింది. సిద్ధిరాములు జేబులో చెయ్యి పెడితే దారం బదులు ఫోను తగిలింది. అలవాటుగా తెరిచాడు.

ప్రస్తుతం చూస్తున్నవారు: సున్నా.