ఎర్రగీత దాటిన గొంతు

నేను అక్షరాలు దిద్దింది యాభై ఆరో ఏట. తప్పులుంటే మన్నించండి. ఒక్కో వాక్యానికి నాకు ఒక పూట పడుతుంది. అయినా ఈ సంగతి రాయక తప్పదు: కంప్యూటర్‌లో వాల్యూమ్ ఎర్రగీత దాటి పాట పగిలిపోవడం గొప్ప వరం!

ఆళ్లగడ్డలో మా చర్చికి రెండువేల నాలుగులో కంప్యూటర్ వచ్చింది. ఆనాటి నుంచి ప్రసంగం బరబరమంటూనే ఉంది. ఏం చెప్పారో తెలియదు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు! క్రిస్మస్ పాటలు పెడితే కిటికీ రేకులు కూడా పాడేవి. ఇంత పెద్ద కోరస్ ఏ పట్నంలో ఉంది, చెప్పండి?

ఈ వరం మా చర్చి కంప్యూటర్ చూసే నంద్యాల స్టూడియో సాల్మన్ రాజుది. తెర మీద గీత ఆకుపచ్చగా ఉంటే అతనికి తృప్తి లేదు. ఎర్రబడితేనే పాటకు ప్రాణం వచ్చినట్టు.

మా ఆయన ఇస్సాకు చనిపోయిన ఏడాదికి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఆయన ఆదివారం బడి పిల్లలకు పాట నేర్పుతున్న క్యాసెట్ ఒక్కటే నా దగ్గర ఉంది. దాన్ని సీడీ చేయమని సాల్మన్ రాజుకు ఇచ్చాను.

"పెద్దమ్మా, పెద్దనాయన గొంతు పీలగా ఉండాది. ఫుల్లు పెట్టినా. ఇంక అహోబిలం దాకా ఇనపడ్తాది సూడు!"

"ఆ మనిషి ఎప్పుడన్నా అరిచినాడేందిరా? తగ్గియ్యి."

తగ్గించాడు. అదే బరబర, చిన్నగా వినిపించింది. తెర మీద ఆయన గొంతు గీతల తలలన్నీ రంపంతో కోసినట్టు చదునుగా ఉన్నాయి.

"తెగిన తలకాయలు మళ్లా రావు పెద్దమ్మా."

"అయితే క్యాసెట్టు పెట్టి మళ్లా ఎక్కియ్యి."

"యాడుండాది? ఇంక దాంతో పనేముందిలే అని దాని మీద పెండ్లి పాటలు ఎక్కించేసినా."

కూడికలో ఆ సీడీయే మోగింది. "అక్కా, బావకు ఇంత గొంతు ఉండాదని తెలీనే తెలీదు!" అని మా చెల్లెలు దెబోరా మెచ్చుకుంది. చూశారా లాభం? బతికినన్నాళ్లూ ఇంట్లో ఉన్నాడో లేడో తెలియని మనిషి, పోయాక బజారంతా దద్దరిల్లించాడు!

పాట మధ్యలో ఆయన ఆగి పిల్లలతో ఒక మాట అంటాడు. అది చర్చిలో ఎవరికీ అర్థం కాలేదు, పిడుగు పడిందనుకుని చెవులు మూసుకున్నారు. నాకు కంఠతా వచ్చు కాబట్టి చెబుతున్నాను: "మెల్లగా పాడండి నాయనా, పక్కింట్లో బాలింత పండుకోనుండాది."

ఆ బడిలో చదివిన పిల్లలారా, మీలో ఎవరి ఇంట్లోనైనా ఆ క్యాసెట్‌కు కాపీ ఉందా? ఎంత పీలగా ఉన్నా సరే. ఫుల్లు మాత్రం పెట్టకుండా తెచ్చివ్వండి.

జీవమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉంటున్నది నందికొట్కూరులో, చెల్లెలి ఇంట్లో.