ఎర్ర అట్ట పుస్తకం గడప దాటిన వైనం

సూర్యుడు ఇళ్ళ వెనక్కి వాలుతూ వంటగది కిటికీలోంచి పచ్చని వెలుగును వంపుతున్న వేళ, కుక్కరు తన ఉక్కుగర్భంలో ఆవిరిని కూడగట్టుకొని గర్జనకు సన్నద్ధమవుతున్న వేళ, ఫోను సగం ప్రాణంతో చార్జరు తీగకు అందనంత దూరాన కొట్టుమిట్టాడుతున్న వేళ, నిశ్శబ్దసామ్రాజ్య పరిపాలనాదక్షురాలు, ధూళిపటల విధ్వంసిని, పిల్లల చేత ‘ఉష్ మేడమ్’ అని పిలిపించుకొనే బడి లైబ్రేరియన్ స్టవ్వు పక్కన ఒంటరిగా నిలిచి చేసిన మహాసమరాన్ని చెబుతాను. చేతిలో పని ఉంటే కానిస్తూనే వినండి.

యుద్ధకారణం ఒక గది. నాలుగు బీరువాలు, రెండు బల్లలు, తిరిగినప్పుడల్లా మూలిగే ఒక ఫ్యాను, గాఢనిద్రలో మునిగిన పుస్తకాలు: ఇదీ ఆ గది సంపద. దానిపై కన్నేసినవాడు ఆజానుబాహువు, ఎండకు వెరవనివాడు, ఈలనే కంఠహారంగా ధరించినవాడు, ఈలసారుగా ప్రసిద్ధుడైన వ్యాయామోపాధ్యాయుడు. అతని టేబుల్ టెన్నిస్ బల్ల వరండాలో వాన జల్లుకు తడుస్తూ గూడు కోసం అలమటిస్తోంది.

ఆ ఉదయమే స్టాఫ్ రూములో పెద్దమేడమ్, అంటే ఆ బడి ప్రధానోపాధ్యాయిని, తీర్పు చెప్పేసింది.

“చూడమ్మా, పుస్తకాలు ఎవరూ పట్టుకెళ్ళట్లేదు. శుక్రవారం ఆఖరి గంట కొట్టేలోపు ఒక్క పుస్తకం, ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా ఇంటికి తీసుకెళ్తే గది నీది. లేదంటే సారు బల్ల లోపలికొస్తుంది.”

“ఒక్కటే? పాపం, అంత కష్టమైన పరీక్ష పెడితే ఎలాగండీ?” అన్నాడు ఈలసారు, జేబులోంచి కొలత టేపు తీస్తూ.

ఉష్ మేడమ్ లేచి నిలబడింది. ఆమె కళ్ళద్దాలు నిప్పులు చెరిగాయి.

“వినండి సారూ! ఏ ఫోన్లయితే నా పాఠకుల్ని ఎత్తుకుపోయాయో, ఆ ఫోన్లలోకే దూరి, వాళ్ళని చెవి పట్టుకుని వెనక్కి తెస్తాను. రీలు చేస్తాను!”

సభ కంపించింది. లెక్కల టీచరు బిస్కెట్టు టీలో జారి, తిరిగిరాని లోకాలకు పోయింది.

బడిలో ఎప్పుడూ గంటలూ ఈలలే కనుక రణరంగం ఇంటికి మారింది. ఇంట్లో ముఖం కనిపించేంత వెలుతురున్నది వంటగదిలోనే. పంచదార డబ్బాకు ఫోనును ఆనించి, ఎర్ర అట్ట డిటెక్టివ్ నవలను ఖడ్గంలా పైకెత్తి, ఆమె గళం విప్పింది.

“పిల్లలూ! గడియ వేసిన గదిలో ముసలి వజ్రాల వ్యాపారి...”

కుక్కరు ఈల వేసింది. శత్రువు ఊపిరి ఇంతదూరం వచ్చిందా అని ఆమె ఒక్క క్షణం ఉలిక్కిపడింది.

రెండోసారి భర్త వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచాడు. “ఎవరితో మాట్లాడుతున్నావ్?”

“పిల్లలతో.”

“వాళ్ళు ట్యూషన్‌కి వెళ్ళారుగా?” అని, ఆ సందేహం తీరేదాకా ఫ్రిజ్ ముందే నిలబడిపోయాడు.

మూడోసారి డబ్బా జారి, వంటగది కప్పునీ దాని మీది మసినీ లోకానికి చూపింది. నాలుగోసారి మాత్రం వాక్కు గంగాప్రవాహమై సాగింది.

“... చంపిందెవరు? డాక్టరా? మేనల్లుడా? తెలుసుకోవాలంటే మన లైబ్రరీకి రండి!”

“డాక్టరేగా,” అంది వెనక నుంచి ఒక గొంతు. కాడల నుంచి ఆకుకూర తుంచుతూ పీట మీద కూర్చున్న అత్తగారిది ఆ గొంతు.

“అత్తయ్యా! రికార్డవుతోంది! అయినా డాక్టరు కాదు, మేనల్లుడు.”

“నీ మొహం. ఆ పుస్తకం నేను చదివేనాటికి నువ్వు పుట్టనేలేదు.”

“డాక్టరు ఆ రాత్రి ఊళ్ళోనే లేడండీ!”

“లేనని అతను చెప్పాడు, నువ్వు నమ్మావు. కూరలబ్బాయి లేతవంటే నమ్మి ఈ ముదురు కాడలు తేలేదూ? అలాగే!”

నవల ఇంకా సగంలోనే ఉన్నా ఓటమిని అంగీకరించని కోడలు ఐదోసారి, అత్తగారు పెరట్లోకి వెళ్ళాక, నిర్దోషమైన రీలు చేసింది. అయితే విధి బలీయమైనది. ఫోనులో ఐదు రీళ్ళకీ ఒకటే బొమ్మ: సగం తెరిచిన ఆమె నోరు. బడి పేజీలోకి ఎక్కింది నాలుగోది.

మర్నాడు బడి గేటు దగ్గర తొమ్మిదో తరగతి దండు ఎదురై నినదించింది.

“మేడమ్, మేం అత్తగారి పార్టీ!”

ఆమె పాదాల కింద భూమి తిరిగింది. కానీ అప్పటికే పేజీలో అత్తపక్ష సేనలు, కోడలిపక్ష సేనలు కామెంట్ల శరపరంపరతో ఆకాశాన్ని కప్పేశాయి. ‘అమ్మమ్మ చెప్పిందంటే అంతే’ అని ఒకరు. ‘మేనల్లుడి మొహం చూస్తేనే తెలియట్లా’ అని, ఆ మొహం ఎన్నడూ చూడని ఇంకొకరు. ‘ముదురు కాడలు’ అనే మాట బడిలో తిట్టుగా స్థిరపడింది. బస్సు డ్రైవరు కూడా ఒక పక్షం పుచ్చుకున్నాడు.

అయినా లైబ్రరీ గడప ఒక్కరూ తొక్కలేదు. గురువారం ఆమె ఆగలేక ఆ దండునాయకురాలిని నిలదీసింది.

“ఇంత కొట్టుకుంటున్నారు కదే, వచ్చి పుస్తకం చదవొచ్చుగా?”

“చదివితే గొడవ ఆగిపోతుంది కదా మేడమ్!” అంది ఆ పిల్ల, జాలిగా.

శుక్రవారం ఆఖరి పీరియడు వచ్చింది. వరండాలో బల్ల కాళ్ళు నేలను గీస్తున్న ధ్వని ప్రళయ మేఘంలా దగ్గరైంది. గుమ్మంలో ఈలసారు ప్రత్యక్షమయ్యాడు. ఉష్ మేడమ్ బీరువాల వైపు చివరిచూపు చూసి, సొరుగులోని రబ్బరు ముద్రను సంచిలో పెట్టుకోబోయింది. ఈలసారు మాత్రం లోపలికి అడుగుపెట్టకుండా గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్... ఆ డాక్టరు సంగతి ఏంటసలు?”

“ఏం?”

“నేను మీ పార్టీ. మా ఆవిడ మీ అత్తగారి పార్టీ. బుధవారం నుంచీ ఇంట్లో నాకు టీ లేదు. ఆ చివరి పేజీ ఒక్కటి చూపించండి, ఇక్కడే నిలబడి చూసేసి పోతాను.”

ఆమె పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. “ఇక్కడ చూస్తే కుదరదు సారూ. ఇంటికి తీసుకెళ్ళాలి.”

“తీసుకెళ్తే గది పోతుందిగా!”

“గది పోతుంది. టీ వస్తుంది.”

ఆ మహావీరుడి వదనంలో ఆశ, రోషం, మూడు రోజుల తలనొప్పి ఒకదానితో ఒకటి కలియబడ్డాయి. వెనక బల్ల మోస్తున్న పిల్లలు “సార్, బరువుగా ఉంది” అని మొరపెట్టుకున్నారు. చివరికి అతను ఒక్క దీర్ఘనిశ్వాసంతో రిజిస్టరులో సంతకం గీకి చెయ్యి చాచాడు.

ఠప్! ముద్ర పడింది. ఆ ధ్వని ఇంకా గాలిలో ఉండగానే ఆఖరి గంట మోగింది. గుమ్మంలోకి వచ్చిన పెద్దమేడమ్ పుస్తకాన్ని చూసింది, అది ఎవరి చేతిలో ఉందో చూసింది, “బల్ల అక్కడే దించండర్రా” అని వెళ్ళిపోయింది.

ఈలసారు అప్పటికే చివరి పేజీ తిప్పేశాడు. చదువుతూ చదువుతూ పాలిపోయాడు.

“మేడమ్. డాక్టరే.”



“ఇది ఇంటికి తీసుకెళ్ళకపోతే ఏమవుతుంది?” అన్నాడతను హీనస్వరంతో.

“కుదరదు. ముద్ర పడింది.”

“మరి మీ ఇంట్లో చెప్తారా?”

“పుస్తకం మీ దగ్గరుంది కదా సారూ,” అంది ఉష్ మేడమ్ తలుపుకు తాళం వేస్తూ. “నాకెలా తెలుస్తుంది?”

దిక్కులు దద్దరిల్లుగాక! నాలుగు బీరువాల మహాసామ్రాజ్యం నిలిచింది. శత్రుసేనాని స్వహస్తాలతో, స్వంత సంతకంతో, ఒక పుస్తకం ఇంటికి వెళ్ళింది. అది కూడా కోడళ్ళెవరూ చదవకూడని పుస్తకం.