పేరయ్య నారుకి ఊపిరి సాయం

ముసురు వెలిసిన ఆదివారం పొద్దున్న పేరయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పెరట్లో నీడవల పందిరి కింద పెంచుతున్న మిరప నారుని ఓసారి చూసుకుని, నాటుకి కూలీలను మాట్లాడుకోవాలి. వానకి కుళ్లిపోతుందన్న భయంతో వారం కిందటే పందిరి మీదా చుట్టూ టార్పాలిన్ పట్టాలు కప్పేశాడు. ఇప్పుడు లోపలికి తొంగి చూస్తే నారంతా కామెర్లొచ్చినట్టు పాలిపోయి ఉంది. ఆ రకం విత్తనం పర్చూరులో కాదు కదా, ఎక్కడా దొరకడం లేదు. ఈ నారు పోతే ఈ ఏడు పొలం బీడే.

"అఖిలా, మొక్కలకేం కావాలే?" అని పదో తరగతి చదివే కూతుర్ని అడిగాడు.

ట్యూషన్‌కి సైకిలెక్కుతున్న అఖిల, "మనం వదిలే గాలి నాన్నా! దాంతోనే తిండి వండుకుంటాయి. ఇంకా..." అంటూనే టైము చూసుకుని తుర్రుమంది.

ఆ 'ఇంకా' తర్వాతేముందో కనుక్కునే ఓపిక పేరయ్యకు లేదు. తనొక్కడి గాలి ఏ మూలకి? వెళ్లి వీరాంజనేయులినీ, అతని పేకాట జట్టునీ పిలుచుకొచ్చాడు. వీరాంజనేయులు నోరు తెరిస్తే ఇంకెవరికీ సందివ్వడు. ఊళ్లో అంత గాలి మరొకరి దగ్గర లేదని పేరయ్య నమ్మకం. గాలి బయటికి పోకుండా పట్టాల అంచులన్నీ బిగించి కట్టాడు. లోపల చీకటి, ఉక్కపోత.

"ఒరేయ్ పేరయ్యా, ఆయాసం వస్తోందిరా!"

"ఆపకు, ఊదు!"

దారిన పోతున్న పక్కవీధి బుడే పందిరి బయట చెప్పుల వరస చూసి బండి ఆపాడు. "ఏందక్కా, లోపల అంతమంది?"

మొగుడు మనుషుల్ని పోగేసి మొక్కల మీద ఊదిస్తున్నాడని రాఘవమ్మ ఏ మొహంతో చెబుతుంది? "ఏం లేదు తమ్ముడూ, ఏం లేదు," అని తలుపు వేసేసింది.

మిరప విత్తనాలకు కరువొచ్చిన రోజుల్లో బుడేకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పేరయ్య ఇంట్లో చాటుమాటుగా ప్యాకెట్లు అమ్ముతున్నారని ఫోన్లు వెళ్లాయి. కాసేపట్లో ఊరంతా ఆధార్ జిరాక్సులు పట్టుకుని దిగింది.

"మాకూ రెండు ప్యాకెట్లు!"

"ప్యాకెట్లు లేవురా, గాలి ఊదుతున్నాం!"

నిజం అంత అబద్ధంలా వినపడటం ఆ ఊళ్లో అదే మొదలు. తోపులాటలో కట్లు తెగి పట్టాలన్నీ కింద పడ్డాయి. లోపల చెమటలు కక్కుతూ, బుగ్గలు పూరించుకుని పేకాట జట్టు. "తొక్కకండ్రా, మీకు దణ్ణం పెడతా!" అంటూ పేరయ్య నారు ముందు చేతులు చాచి నిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే తిరిగొచ్చిన అఖిల తల పట్టుకుంది. "ఎండ కావాలి నాన్నా! వెలుతురుంటేనే మన గాలితో తిండి చేసుకుని మనకు మంచిగాలి ఇస్తాయి. ఊపిరి పీల్చడం మాత్రం రాత్రీ పగలూ ఆపవు. చీకట్లో తిండి తయారవదు, దాచుకున్నది కరిగిపోతుంది. ఇంతసేపూ మీరూ అవీ ఒకే గాలి కోసం పోటీ పడ్డారు!"

"అయితే పోయినట్టేనా?" అన్నాడు పేరయ్య.

"పట్టాలు తీసేశారుగా. బతుకుతాయి."

పీకింది విత్తనాల కోసమే అయినా, ఆ పట్టాలు పీకినవాళ్లందరికీ పేరయ్య మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా నారు ఆకుపచ్చగా తేరుకుంది. ప్రాణం లేచొచ్చిన పేరయ్య నాటు కూడా పూర్తి చేశాడు.

అందులో తన గాలి వాటా ఎంతో లెక్క తేల్చమని వీరాంజనేయులు ఇప్పటికీ అఖిల వెంటపడుతున్నాడు.