వియ్యంకుడికి ఊరు చూపించుట

ఆ శనివారం పొద్దున్నే లేచి లుద్విక్ బూట్లకు పాలిష్ పెట్టుకున్నాడు. అతను వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. బిద్గోష్చ్ నుంచి రైల్లో వచ్చే కాబోయే వియ్యంకుణ్ణి స్టేషన్లో కలుసుకోవాలి, భోజనం వేళ దాకా మా తోరున్ పట్టణం తిప్పి చూపించాలి, ఆ తర్వాత ఇంటికి తీసుకొచ్చి బాతు మాంసం పెట్టాలి. లుద్విక్ వంటి మనిషికి ఇంతకన్నా ఇష్టమైన పని లేదు. పెన్షన్ వచ్చినప్పటి నుంచి, దారి అడిగిన పాపానికి ఎంతమంది పరాయి ఊరివాళ్లు అతని చేతికి చిక్కి చరిత్ర విన్నారో లెక్కలేదు.

కూతురు కలీనాకూ తిమోన్‌కూ పెళ్లి ఖాయమైంది. కాపురం ఎక్కడన్నదే తేలలేదు. తిమోన్ తండ్రి సెవెరిన్ బిద్గోష్చ్‌లో ఉంటాడు. అతని ఇంట్లో మేడ ఖాళీగా ఉంది. "మీ ఊరొచ్చి చూస్తాను. నచ్చితే పిల్లలు అక్కడే ఉండొచ్చు" అని అతను కబురు పెట్టాడు. మా ఊరికీ ఆ ఊరికీ మధ్య దూరం రైల్లో గంట కూడా లేదు గానీ, వైరం మాత్రం తాతల నాటిది. ఎవరు మొదలుపెట్టారని అడిగితే మేం వెంటనే చెప్పగలం, వాళ్లే. లుద్విక్ కూతుర్ని సముద్రాలు దాటించమన్నా దాటించేవాడేమో గానీ, బిద్గోష్చ్‌కి పంపడమంటే మాత్రం అతనికి ముద్ద దిగడం లేదు. కలీనా లేని ఆదివారాలు తలుచుకుంటే గుండె నిజంగానే బరువెక్కేది.

పుస్తకాల షాపులో డ్యూటీకి వెళ్తూ కలీనా గుమ్మం దగ్గర ఆగింది.

"నాన్నా, ఆయన మాట తక్కువ మనిషి. నువ్వూ కాస్త తగ్గించు. నేనూ ఆయన్ని ఇంతవరకూ చూడలేదు. బూడిదరంగు కోటు వేసుకొస్తారట."

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడాను?"

"వాళ్ల ఊరిని ఒక్క మాట అనకు. పోయిన క్రిస్మస్‌కి తిమోన్‌ ముందు నోరు జారావు."

"ఊరినేం అన్లేదే. వాళ్ల నదిని అన్నాను."

"ఇంకోటి. ఆయనకి మొహమాటం ఎక్కువ. ఏదిచ్చినా వద్దంటారు. బతిమాలి పెట్టాలి."

లుద్విక్ తలూపాడు. ఊరు చూపించేటప్పుడు ఫోన్ మోగితే మర్యాద కాదని, దాన్ని వంటింట్లో రొట్టెల డబ్బా మీద పెట్టి బయల్దేరాడు.

నవంబరు నెలలో పోలండ్‌లో సగం మంది బూడిదరంగు కోట్లే వేసుకుంటారన్న సంగతి తండ్రికీ తట్టలేదు, కూతురికీ తట్టలేదు. రైలు దిగినవాళ్లలో అలాంటి కోటుతో, చేతిసంచితో, చెంప పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డ మొదటి మనిషి ఔగుస్తిన్. అతను తోరున్‌లో పుట్టి, తోరున్‌లోనే తల నెరిసినవాడు. బిద్గోష్చ్‌లో ఒక పళ్ల డాక్టరుది తేలిక చెయ్యి అని విని, ఎవరికీ చెప్పకుండా తెల్లారుజామున వెళ్లి దవడపన్ను పీకించుకుని వస్తున్నాడు. నోటి నిండా దూది. నాలుక తిమ్మిరెక్కి ఎక్కడుందో అతనికే తెలియడం లేదు.

"బిద్గోష్చ్ నుంచేనండీ రావడం?" అన్నాడు లుద్విక్, టోపీ తీసి.

ఔగుస్తిన్ గతుక్కుమన్నాడు. పంటి కోసం పక్క ఊరికి పరుగెత్తాడని వీధిలో తెలిస్తే ఇంకేమైనా ఉందా. అటూ ఇటూ చూసి, తప్పదన్నట్టు తలూపాడు.

"మీ కోసమే వచ్చాను. నేను కలీనా నాన్నని. ఆ సంచి ఇలా ఇవ్వండి."

"ఉహూ... హేను... హాదు" అన్నాడు ఔగుస్తిన్.

"మొహమాటపడకండి" అంటూ లుద్విక్ సంచి లాక్కుని బస్సు వైపు నడిచాడు. సంచి వెనకాలే ఔగుస్తిన్ నడిచాడు.

పేరు అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ మా దగ్గర పెద్దమనిషిని పేరు పెట్టి పిలవడం, నువ్వు అనడం, ఇద్దరూ మోచేతులు మెలేసుకుని ఒక గుక్క తాగాకే. అప్పటిదాకా పేరెత్తడం తలుపు తట్టకుండా ఇంట్లో దూరినట్టే. లుద్విక్ మర్యాద తెలిసినవాడు, అదే కొంప ముంచింది.

బస్సు వంతెన ఎక్కింది. "అదేనండీ విస్తులా నది" అన్నాడు లుద్విక్. చిన్నప్పటి నుంచీ ఆ నదిలో గాలం వేస్తున్న ఔగుస్తిన్ దాన్ని మొదటిసారి చూస్తున్నవాడిలా చూడాల్సి వచ్చింది. మా ఊళ్లోనే పుట్టిన కోపర్నికస్ విగ్రహం కింద లుద్విక్ గ్రహాలన్నిటినీ పేరుపేరునా తిప్పి, ఆఖర్న కూతురి హెచ్చరిక గుర్తొచ్చి, బలవంతాన ఒక మంచి మాట కూడదీసుకున్నాడు.

"మీ బిద్గోష్చ్ కూడా బాగుంటుందటండీ. కాలవలూ అవీ. మా ఊరికేం తీసిపోదంటారు."

ఔగుస్తిన్ నివ్వెరపోయాడు. తోరున్ మనిషి, అదీ కోపర్నికస్ పాదాల దగ్గర నిలబడి, అనదగిన మాటేనా అది. "ఛీ" అన్నాడు, దూది అడ్డుపడినా స్పష్టంగానే.

"సొంత ఊరిని అంత తక్కువ చేసుకోకండి" అన్నాడు లుద్విక్. ఇంత నమ్రత గల మనిషి బిద్గోష్చ్‌లో ఎలా పుట్టాడా అని ఆశ్చర్యపోయాడు కూడా. ఆ ఆనందంలో అల్లం తేనె రొట్టె కొని చేతిలో పెట్టాడు. ఔగుస్తిన్ వణికిపోయి వద్దన్నాడు. లుద్విక్ బతిమాలాడు. మళ్లీ వద్దన్నాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి రొట్టె కోటు జేబులోకి వెళ్లింది.

తర్వాత ఒక పక్కకి ఒరిగిన పాత వాలుబురుజు. దాని గోడకి వీపూ మడమలూ ఆనించి, చేతులు ముందుకి చాచి, పడకుండా నిలబడగలిగితే పాపం లేని మనిషి అని మా ఊళ్లో నమ్మకం. అప్పటికే అక్కడ లావుపాటి పెద్దమనిషి ఒకడు, ఒంటరిగా, ప్రయత్నించి చూస్తున్నాడు. అతనిదీ బూడిదరంగు కోటే. చూస్తుండగానే ముందుకి తూలి, మోకాళ్ల మీద పడి, ఔగుస్తిన్ కాళ్లు పట్టుకున్నాడు.

"పాపాల బరువు చూసుకుని నిలబడాలయ్యా" అన్నాడు లుద్విక్. "లేచి పక్కకి జరగండి. మాకివాళ ఊరిపెద్ద కన్నా పెద్ద అతిథి వచ్చారు. ఆయన నిలబడాలి."

పడ్డ మనిషి లేచాడు. మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. లుద్విక్‌ని పైనుంచి కిందికి ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఔగుస్తిన్ ఇల్లు ఆ బురుజు పక్కనే. ఆ గోడకి ఆనుకునే అతను పెరిగాడు. లుద్విక్ చాదస్తం వదిలించుకుందామని వెళ్లి, ఎక్కడ ఎలా నిలబడాలో అలా నిలబడ్డాడు. కదలలేదు.

"నిప్పులాంటి మనిషండీ మీరు" అన్నాడు లుద్విక్, కళ్లు చెమర్చి.

ఇదే అదనుగా ఔగుస్తిన్ తన ఇంటి గుమ్మం వైపు జారుకున్నాడు. తాళం చెవి తీసేలోపే లుద్విక్ మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"అటు కాదండీ, అది ఎవరిదో ఇల్లు. మా ఇంటికి ఇటు."

లుద్విక్ భార్య తెక్లా అతిథికి ఇంట్లో తొడుక్కునే చెప్పులిచ్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, కోడి సూప్ వడ్డించింది. ఔగుస్తిన్ మరుగుదొడ్డికి వెళ్లి దూది తీసేసి వచ్చాడు. తిమ్మిరి దిగుతోంది. నిజం చెప్పెయ్యాలనే కూర్చున్నాడు. కానీ పంటి భయంతో నిన్నటి నుంచీ తిండి లేదు. భార్య పోయాక అతన్ని ఇంకో గరిటె వేసుకొమ్మని ఎవరూ బతిమాలలేదు. సూప్ పూర్తయ్యాక చెబుదాంలే అనుకున్నాడు.

అంతలో రొట్టెల డబ్బా మీది ఫోన్ మోగింది. తెక్లా తీసింది.

"అమ్మా, తిమోన్ నాన్నగారు ఇంటికొచ్చారా?" అంది కలీనా.

"వచ్చారమ్మా. రెండో గిన్నె సూప్ తాగుతున్నారు. పాపం, ఎంత నెమ్మదో."

"అదేంటి? ఆయన మా షాపు ముందు నిలబడి ఉన్నారు. స్టేషన్లో ఎవరూ కనపడక ఊరంతా ఒక్కరే తిరిగారట. తిమోన్ డ్యూటీ దిగి ఇప్పుడే వచ్చాడు."

"నీ మొహం. నా ఎదురుగా ఉన్నారు."

అవతల కలీనా ఎవరికో ఈ మాట చెప్పడం, బొంగురు గొంతు ఒకటి "ఇంకా ఏం తింటున్నానో అడుగు" అనడం తెక్లాకి వినిపించాయి. ఆమె ఫోన్ పెట్టేసి, వంటింట్లోంచి తొంగి చూసింది. బల్ల దగ్గర భర్తా అతిథీ ఇంట్లో చేసిన చెర్రీ మద్యం గ్లాసులు పట్టుకుని, మోచేతులు మెలేసుకుని, గుక్కలో తాగేశారు.

"ఇవాళ్టి నుంచి నువ్వు, నేను" అన్నాడు లుద్విక్, చెంప మీద ముద్దు పెట్టి. "నేను లుద్విక్."

"నేను ఔగుస్తిన్" అన్నాడు ఔగుస్తిన్. అప్పటికి నాలుక పూర్తిగా దొరికింది.

లుద్విక్ చిరునవ్వు అలాగే ఉండిపోయింది. "సెవెరిన్ కదా?"

"కాదు. వాలుబురుజు పక్కిల్లు మాది. ఇందాక నన్ను ఆ గుమ్మంలోంచే లాగావు."

"బిద్గోష్చ్ నుంచేనని తలూపావుగా?"

"పన్ను పీకించుకోడానికెళ్లాను. ఎవరితోనూ అనకు."

"మరి నీకు కోపర్నికస్ గురించి అంతసేపు..."

"నాకు ముందే తెలుసు."

కలీనా షాపు పక్క వీధిలోనే. అంతలో తలుపు గంట మోగింది. కలీనా, తిమోన్ ముందు. వాళ్ల వెనక బూడిదరంగు కోటులో, మోకాళ్ల మీద మట్టితో, బురుజు దగ్గర పడ్డ లావుపాటి పెద్దమనిషి.

"నాన్నా, ఈయన సెవెరిన్ గారు" అంది కలీనా.

"పరిచయం అయింది" అన్నాడు సెవెరిన్. "నా పాపాల బరువు కూడా చూశారు."

లుద్విక్‌ కూతురి మొహం చూశాడు, బిద్గోష్చ్ మేడ కళ్ల ముందు కనిపించింది. ఔగుస్తిన్ లేచి సంచి అందుకోబోతే తెక్లా భుజం పట్టి కూర్చోబెట్టింది. "సూప్ తాగినవాణ్ణి బాతు పెట్టకుండా పంపడం మా ఇంటా వంటా లేదు" అంది. అందరూ కూర్చున్నారు. బాతు అయ్యేదాకా సెవెరిన్ పలకలేదు. లుద్విక్ కూడా పలకలేదు. అతని పెళ్లయ్యాక అది మొదటిసారి.

చివరికి సెవెరిన్ మూతి తుడుచుకున్నాడు.

"పిల్లలు ఈ ఊళ్లోనే ఉండనీండి" అన్నాడు.

కలీనా తిమోన్ చెయ్యి పట్టుకుంది. లుద్విక్ లేచి సెవెరిన్ రెండు చేతులూ అందుకున్నాడు. "మా ఊరు అంత నచ్చిందాండీ?"

"ఊరు బాగుంది. ఒక్కణ్ణే తిరిగాను కదా" అన్నాడు సెవెరిన్. "కానీ దాని కోసం కాదు. పిల్లలు మా మేడ మీద ఉంటే వారం వారం మీరు మా ఊరొస్తారు. ఇక్కడుంటే, రావాలా వద్దా అన్నది నా చేతిలో ఉంటుంది."

మా తోరున్ అందానికి బిద్గోష్చ్ మనిషి కూడా తలవంచాడని లుద్విక్ ఇప్పటికీ దారి అడిగినవాళ్లకల్లా చెబుతున్నాడు.