శవవాహనం వెనక స్కూలు బస్సు

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని మా కాల్డర్స్ ఫెర్రీ పట్టణంలో చట్టాన్ని గౌరవించని మనిషి లేడని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి, పక్క నుంచి ‘ఆగు’ అనే పలకను చాచినప్పుడు రోడ్డుకు ఇరువైపులా వాహనాలు ఆగాలని మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు. లైసెన్సు పరీక్షలో ఆ ప్రశ్నకు తప్పు జవాబు రాసినవాడు మా ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. ఆగడం అన్నది వేరే విషయం. దానికి పరీక్ష పెట్టరు.

ఎర్ర దీపాలు వెలగబోతున్నాయని చెప్పడానికి బస్సు ముందుగా పసుపు దీపాలు వెలిగిస్తుంది. ఈ హెచ్చరిక మావాళ్లకు ఎంతగానో ఉపయోగపడుతోంది. పసుపు కనపడగానే, ఎర్రవి వెలిగేలోపు దాటెయ్యాలని వేగం పెంచుతారు. దీపాలు సరిగా కనబడడం లేదని ఫిర్యాదు వస్తే నిరుడు మరింత కాంతివంతమైనవి బిగించారు. అప్పటి నుంచి ఇంకా దూరం నుంచే వేగం పెంచుకునే వీలు కలిగింది.

ఇన్ని సదుపాయాల మధ్య డల్సీ అనే ఆరేళ్ల పిల్ల రోజూ రోడ్డు దాటాలి. వాళ్ల ఇల్లు రహదారికి అవతల, బస్సు ఆగేది ఇవతల. బస్సు నడిపే వెర్లీన్ ఒడమ్ చెయ్యి ఊపితేనే డల్సీ కదలాలని కట్టడి. ఒక ఉదయం వెర్లీన్ చెయ్యి ఊపాక, ఎక్కడి నుంచో వచ్చిన పికప్ ట్రక్కు పిల్ల చేతిలోని టిఫిన్ డబ్బాను తన్నుకుపోయింది. పిల్లకు ఏమీ కాలేదు. ట్రక్కు యజమాని మర్యాదస్తుడు. బంపరులో ఇరుక్కున్న ఆ డబ్బాను సాయంత్రం కడిగి మరీ స్కూల్లో అప్పగించి వెళ్లాడు.

వెర్లీన్ ఆ వారమే పట్టణ సభకు వెళ్లింది. మేయర్ లామర్ టిడ్వెల్ లేచి, కోటు గుండీ పెట్టుకుని ప్రసంగించాడు.

“పిల్లలే మన భవిష్యత్తు. ఆ భవిష్యత్తు కోసం ఎంత దూరమైనా వెళ్లడానికి ఈ ఊరు సిద్ధంగా ఉంది.”

“అంత దూరం వెళ్లక్కర్లేదండీ. ఉన్నచోట కాస్త ఆగండి, చాలు,” అంది వెర్లీన్.

సభ ఆమె ఆవేదనను రికార్డు చేసింది. తాను మనసులో ఎప్పుడూ ఆగుతూనే ఉంటానని ఒక చర్చి పెద్ద సాక్ష్యమిచ్చాడు. చివరికి ‘మేము పిల్లల్ని ప్రేమిస్తాం’ అన్న స్టిక్కర్లు అచ్చువేయించి, ప్రతి కారుకూ వెనక అద్దం మీద అంటించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కారు తమను దాటి వెళ్లిపోయాక పిల్లలు దాన్ని చక్కగా చదువుకోవచ్చు.

మర్నాడు హోటల్లో వెర్లీన్ ముందు ప్లేటు అలాగే చల్లారిపోతోంది. ఎదురుగా కూర్చున్న హాయిట్ పర్సెల్ మా ఊళ్లో అంత్యక్రియలు జరిపించేవాడు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బస్సులో స్కూలుకి వెళ్లినవాళ్లు.

“ఈ ఊళ్లో ఎవడైనా, దేనికైనా కారు ఆపడం చూశావా నువ్వు?” అంది వెర్లీన్.

“నా బండికి ఆపుతారుగా,” అన్నాడు హాయిట్, కాఫీ కలుపుకుంటూ.

వెర్లీన్ అతని మొహంలోకి చూసింది. అతనూ చెంచా ఆపాడు.

నిజమే. శవయాత్ర ఎదురైతే మా వైపు ఎంత తొందరలో ఉన్నవాడైనా కారు పక్కకు తీస్తాడు, రేడియో కట్టేస్తాడు, టోపీ తీస్తాడు. ఆపమని చట్టం బతిమాలనక్కర్లేదు. పోయినవాడు బతికుండగా మొహం చూడనివాళ్లు కూడా ఆ కాసేపు తల దించుకుని నిలబడతారు. ఇది మా తాతల నాటి సంస్కారం, మాకు దాని మీద చాలా గర్వం.

సోమవారం ఉదయం హాయిట్ నల్లటి శవవాహనం దీపాలు వెలిగించుకుని మెల్లగా ముందు నడిచింది. వెనక పసుపుపచ్చ స్కూలు బస్సు. రహదారి పొడవునా కార్లు ఆగిపోయాయి. డల్సీ రోడ్డు మధ్యకు వచ్చి, బూటు లేసు ఊడిందని అక్కడే కూర్చుని తీరిగ్గా ముడి వేసుకుంది. టోపీలు గుండెలకు ఆనించుకున్న మగవాళ్లు, పోయినాయన మనవరాలు కాబోలని కళ్లు తుడుచుకున్నారు. పసుపు, ఎరుపు దీపాలు, స్టిక్కర్లు చెయ్యలేని పని ఒక ఖాళీ శవపేటిక చేసింది. మర్నాడూ చేసింది. ఆ పై వారమూ చేసింది.

గుట్టు వంటల దగ్గర బయటపడింది. మా ఊళ్లో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్లు పొయ్యి వెలిగించే పని లేకుండా చర్చి ఆడవాళ్లు వండి పంపుతారు. రోజూ శవయాత్ర కనబడేసరికి ఐనెజ్ రేబర్న్‌గారి నాయకత్వంలో వాళ్లు రోజూ వండారు. చర్చి ఫ్రిజ్జులో చోటు చాలలేదు. తీసుకువెళ్లి ఇద్దామంటే ఏడుస్తున్న ఇల్లు ఒక్కటీ దొరకలేదు. ఐనెజ్‌గారు ఆరా తీశారు. శవం లేదని తేలింది.

ఊరు ఊరంతా మండిపడింది. పట్టణ సభ కిక్కిరిసిపోయింది.

“ఉత్తపుణ్యానికి మాచేత టోపీలు తీయించారు,” అన్నాడొకాయన.

“నేను చికెన్ బేక్ చేసి చేసి చచ్చాను. పోయినవాళ్లు మాత్రం ఎవరూ లేరట,” అన్నారు ఐనెజ్‌గారు.

హాయిట్ లేచి నిలబడ్డాడు. “అమ్మా, ఆ పెట్టెలో ఎవరూ ఉండకూడదనే కదా నేను పొద్దున్నే బండి తీసింది.”

మేయర్ అతని భుజం తట్టి, మృతుల గౌరవం గురించి మాట్లాడాడు. లోపల నిజమైన శవం ఉంటే తప్ప శవవాహనం రోడ్డెక్కరాదని తీర్మానం నెగ్గింది.

“మరి ఆ పిల్లకి ఎప్పుడు ఆపుతారండీ?” అని అడిగింది వెర్లీన్.

“మన ఊరి మనసు నీకు తెలియనిదా వెర్లీన్? నిజంగా అంత అవసరం వచ్చిన రోజున ఒక్కడైనా ఆపకుండా పోతాడా?” అన్నాడు మేయర్. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఈసారి వంట వృథా కాకూడదని ఐనెజ్‌గారు మర్నాడు పొద్దున్నే స్వయంగా డల్సీ ఇంటికి వెళ్లారు. గుమ్మంలో నిలబడి తల్లిని ఆప్యాయంగా పలకరించారు.

“మీ ఇంట్లో చికెన్ తింటారా, హ్యామ్ తింటారా అమ్మా? ముందే తెలిస్తే ఆ రోజున మాకు సులువు.”

అప్పుడే రోడ్డు మీద పసుపు దీపాలు వెలిగాయి. కార్ల చప్పుడు హెచ్చింది. ఆ తల్లి చేతిలోని గుడ్డ అక్కడే పడేసి పిల్ల కోసం పరుగెత్తింది. ఇంటికి వచ్చిన మనిషికి జవాబైనా చెప్పకుండా వెళ్లిపోయిందని ఐనెజ్‌గారు కాస్త నొచ్చుకున్నారు. అయినా మంచి మనసు కదా, చికెనే చేద్దామని నిర్ణయించుకున్నారు.