నెత్తురు మీద నా రెండు ఉపన్యాసాలు

ఒక పెద్ద అడవిలో, చిత్తడి నేల పక్కన ఉండే చిన్న జలగని నేను. పేరు జలంధరం. పట్టుకున్నంతసేపూ నన్నెవరూ గుర్తించరు, గుర్తించాక ఎవరూ ఉండనివ్వరు. అయినా నెత్తురు విషయంలో నన్ను మించిన పండితుడు ఆ అడవిలో లేడు. ఈ మాట అన్నది నేనే.

అడవి సభకి అధ్యక్షుడు భూపతయ్య అనే అడవిదున్న. సభ మధ్యనున్న బండ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండేవాడు. మేత అక్కడికే, నీళ్ళూ అక్కడికే. లేస్తే దుమ్ములగొండి కామేశం ఆ బండెక్కేస్తాడని భయం. కామేశం ఆ భయం పోగొట్టే ప్రయత్నం ఎప్పుడూ చెయ్యలేదు. బండకి ఆనుకునే పడుకునేవాడు.

కొన్నాళ్ళకి భూపతయ్య వెనకకాలు వాచింది. నొక్కితే గుంట పడేది. ఆయన భార్య సూరమ్మ నా మడుగు దగ్గరికి వచ్చింది.

"జలంధరంగారూ, బండ దిగమంటే నామీద గయ్యిమంటున్నారు. మా మామగారు కూడా ఇలాగే కూర్చుని కూర్చుని పోయారు. మీరు పెద్దలు. మీ మాటైతే వింటారు."

అంతకుముందు నన్నెవరూ పెద్దలు అనలేదు. పొంగిపోయాను. పొంగడం మా జాతికి సులువు.

వెళ్ళి ఆ కాలికి పట్టుకుని ఒక్క గుటక చూశాను. నెత్తురు బెల్లప్పాకంలా బద్ధకంగా వచ్చింది. సంగతి తెలిసిపోయింది. "లేచి నాలుగడుగులు వెయ్యండి" అంటే సరిపోయేది. కానీ అంత చిన్న మాట చెప్పడానికి పండితుడెందుకు? సభ పెట్టించాను.

"సభ్యులారా! నెత్తురంటే నీళ్ళు కాదు. నీళ్ళు నడిచినా, నిలిచినా ఒకటే. నెత్తురు అలా కాదు. జోరుగా పారితే పలచబడుతుంది, మెల్లగిల్లితే చిక్కబడుతుంది. అందులోని ఎర్రకణాలు బద్ధకిస్తే అప్పడాల దొంతరలా ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్రవాహం తోస్తేనే విడిపోతాయి. ఇక సన్నటి సందు వచ్చిందా, ఒళ్ళు మడుచుకుని చెప్పు ఆకారంలోకి మారి దూరిపోతాయి. దాటగానే మళ్ళీ గుండ్రమే!"

"అంటే వంగినవాడే ముందుకి పోతాడన్నమాట," అంది ఎలుగుబంటి మల్లమ్మ. "నేను ఈ సభలో మొదటినుంచీ అదే చేస్తున్నాను."

కామేశం మూతి నాక్కున్నాడు. "పండితులవారి భావం అధ్యక్షులు లేచి నడవాలనేగా? సంతోషంగా వెళ్ళి రమ్మనండి. బండని నేను చూసుకుంటాను."

భూపతయ్య బండని నాలుగు గిట్టలతో కరుచుకున్నాడు.

అప్పుడు సభ కార్యదర్శి, కొండముచ్చు చలమయ్య లేచాడు. "అధ్యక్షులు శ్రమపడడమేమిటి? వారి తరఫున మనం నడుద్దాం! ఆయన కాలు మనందరి కాలు కాదా?"

చప్పట్లు మోగాయి. "శాస్త్రం ఒప్పుకుంటుందా?" అని సూరమ్మ నన్ను సూటిగా అడిగింది. అందరూ నావైపే చూస్తున్నారు. అంతమంది చూడడం నాకు కొత్త. "ఇంకా లోతుగా పరిశోధించాలి," అన్నాను. ఒప్పుకున్నట్టే రాసుకున్నారు.

మర్నాటినుంచి అడవంతా బండచుట్టూ నడక. దుమ్ము లేచి భూపతయ్యకి దగ్గు కూడా పట్టుకుంది. మల్లమ్మ ఆయాసం పోయింది. కామేశానికి తొడలు గట్టిపడి, చూపు బండమీద మరింత నిలిచింది. భూపతయ్య కాలు మాత్రం అరటి బోదె అంతయింది. సూరమ్మ మేత మానేసి ఆ కాలి పక్కనే కూర్చుంది.

"మీరు ఏదో ఒకటి చెయ్యండి," అంది. ఆ గొంతులో నన్ను పెద్దలనే ఉద్దేశం మిగల్లేదు.

నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు చేతనైనది ఒకటే. రెండో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒకరి తరఫున ఇంకొకరు నడిస్తే నెత్తురు ఎందుకు ఒప్పుకోదు అన్నది విషయం. నెత్తురు చిక్కదనం దగ్గర్నుంచి సాగుడు గుణం దాకా వచ్చాను. చలమయ్య చెట్టెక్కి మాయమయ్యాడు. మల్లమ్మ పుట్టతేనె గుర్తొచ్చిందని వెళ్ళింది. మిగతావాళ్ళు ఆమె వెంటే జారుకున్నారు. "ఇక ఉపోద్ఘాతం ముగించి అసలు విషయానికి వస్తాను," అనేసరికి కామేశం చెవులు మూసుకుని ఏటివైపు పరుగెత్తాడు.

భూపతయ్య చుట్టూ చూశాడు. బండెక్కడానికి ఎవరూ లేరు. పక్కన సూరమ్మ, ఎదురుగా నేను, అంతే.

"ఎర్రకణం పైపొర గురించి..." అన్నాను.

"అమ్మో!" అని భూపతయ్య లేచాడు. తూలాడు. సూరమ్మ భుజం ఆసరా ఇచ్చింది. కుంటుతూ, తర్వాత నడుస్తూ, నా గొంతు వినబడనంత దూరం వెళ్ళారు ఇద్దరూ. నేను వెనకాలే పాకుతూ చెబుతూనే ఉన్నాను. నేను దగ్గరికొచ్చినప్పుడల్లా వాళ్ళు ఇంకాస్త దూరం నడిచారు.

వానలు మొదలయ్యేసరికి వాపు పూర్తిగా తగ్గిపోయింది. బండచుట్టూ తిరిగిన నడక సంఘానికి సన్మానం చేశారు. నన్ను పిలిచారు గానీ, మాట్లాడకూడదని షరతు పెట్టారు.

నీతి: జ్ఞానం విన్నవాడికన్నా, వినలేక పారిపోయినవాడికే ఎక్కువ మేలు చేస్తుంది.